పాత కారు ఇంజనులో హెడ్డు గాస్కెట్టు చెడుట: గుర్తించు విధము, బాగుచేయు పద్ధతి

పాత బండిని నమ్ముకొన్న రైతునకు ఇంజను మరమ్మతులలో మిక్కిలి భయము గొలుపునది హెడ్డు గాస్కెట్టు చెడుట. గాస్కెట్టు వెల స్వల్పమే. కాని దానిని మార్చుటకు ఇంజను పైభాగము నంతయు విప్పవలయును గనుక కూలి యెక్కువ. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. గాస్కెట్టు దానంతట నది చెడుట అరుదు. ఇంజను మితిమీరి వేడెక్కుటయే తఱచుగా దానికి మూలము. మూలమును విడిచి గాస్కెట్టును మాత్రము మార్చినచో, కొద్ది కాలములోనే అదే ఖర్చు మఱల తలమీద పడును. ఈ యొక్క విషయమును సభ్యులకు దెలుపుటకే యీ వ్యాసము.

కందుకూరు నుండి శ్రీశైలము రోడ్డు వెంబడి తుక్కుగూడ మీదుగా నగరమునకు పోవు రైతులలో పాత అంబాసిడరునో, మారుతి 800నో యుంచుకొన్నవారు కలరు. అంబాసిడరు 1950ల చివర వంగదేశమందలి ఉత్తర్‌పారాలో తయారగుట ప్రారంభమై 2014లో ఆగిపోయినది. మారుతి 800 యు 1983లో మొదలై 2014లోనే నిలిచిపోయినది. కావున ఈ బండ్లలో మిగుల చిన్నదానికి సైతము పదేండ్లు దాటినవి. వీనిని కాపాడుకొను భారము మనమీదనే యున్నది.

గాస్కెట్టు పని

ఇంజనుకు క్రిందిభాగము బ్లాకు, పైభాగము హెడ్డు. ఈ రెంటి నడుమ నుండు పలుచని రేకువంటి పొరయే హెడ్డు గాస్కెట్టు. బిరియానీ గిన్నె మూత చుట్టును పిండి మెత్తి దమ్ము వెలికి పోకుండ నిలుపుదురు గదా. గాస్కెట్టు చేయు పనియు నట్టిదే. అయితే అది ఏకకాలమున మూడింటిని వేరువేరుగ నిలుపవలసి యున్నది: సిలిండరులో మండు వాయువు, ఇంజనును చల్లబఱచు నీరు, భాగములకు నునుపు నిచ్చు ఆయిలు. గాస్కెట్టు ఏ వైపు తెగిన ఆ వైపున నొకటి మఱియొక దానిలో గలియును. రోగలక్షణము లన్నియు దీనినుండియే పుట్టుచున్నవి.

అంబాసిడరులో చిరకాలము వాడబడిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనునకు బ్లాకును హెడ్డును రెండును పోత ఇనుముతో జేసినవే. మారుతి 800 కు బ్లాకు ఇనుముది, హెడ్డు అల్యూమినియముది. వేడికి అల్యూమినియము ఇనుముకంటె దాదాపు రెండింతలు వ్యాకోచించును. కాబట్టి యొక్కసారి మితిమీరి కాగిన మాత్రముననే మారుతి హెడ్డు వంగుట సంభవము. ఇనుప హెడ్డు అంత త్వరగా వంగదు గాని, కాగియున్నపుడు చన్నీరు తగిలిన బీటలు వాఱును.

లక్షణములు

ఈ క్రింది గుర్తులలో నొకదానినే చూచి తీర్పు చెప్పరాదు. రెండు మూడు కలిసి కనబడినపుడే నమ్మవలెను.

మొదటిది: బయట నెచ్చటను కాఱకయే రేడియేటరులోని నీరు దినదినము తగ్గుచుండుట.

రెండవది: సైలెన్సరునుండి దట్టమైన తెల్లని ఆవిరి వచ్చుట. చలికాలపు ఉదయమున ప్రతి బండియు కొంత ఆవిరి విడుచును. అది కొద్ది నిమిషములలో పోవును. ఇంజను బాగుగ కాగిన పిదపను పోనిచో ననుమానింపవలెను.

మూడవది: ఆయిలు పుల్ల తీసి చూచినపుడు ఆయిలు పాలు గలిపిన కాఫీ వలె నుండుట. ఆయిలు మూత యడుగున మాత్రము కొంచెము తెల్లని జిగట యున్నచో భయపడ నక్కఱలేదు. కొద్దిదూరమే తిరుగు బండ్లలో చెమ్మ చేరుటవలన అట్లగును.

నాలుగవది: చల్లని ఇంజనును ఆరంభించిన వెంటనే రేడియేటరు పై గొట్టము గట్టిపడుట. నీరు కాగకమునుపే ఒత్తిడి పుట్టినదన్న, మండు వాయువు నీటిలో జొరబడుచున్న దనుట.

ఇంజను వేడెక్కినదన్న మాత్రమున గాస్కెట్టు చెడినదని యెవరైన చెప్పినచో వెంటనే యొప్పుకొనకుడు. ఫ్యాను బెల్టు సడలినను, థర్మోస్టాటు తెఱచుకొనకున్నను, వాటరు పంపు చెడినను, రేడియేటరు పూడినను ఇంజను వేడెక్కును. ముందుగా వీనిని చూడవలెను.

పరీక్షలు

ఇంజను పూర్తిగ చల్లబడినపుడు రేడియేటరు మూత తీసి, నీరు నిండుగ బోసి, ఇంజనును నడిపి చూడుడు. తొలి నిమిషమున కొన్ని బుడగలు వచ్చుట సహజము. అవి ఆగక వచ్చుచు, ఇంజను వడి పెంచినకొలది పెరిగినచో గాస్కెట్టు తెగినదని గాని, హెడ్డు బీటవాఱినదని గాని యెంచవలెను. ఇట్టి పరీక్షకు మెకానిక్కులు వాడు నీలిరంగు మందొకటి కలదు. రేడియేటరు పైని గాలిని దానిగుండ పీల్చినపుడు మండిన వాయువు కలిసియున్నచో ఆ నీలిరంగు పసుపుగ మాఱును.

తరువాత కంప్రెషను గేజితో ప్రతి సిలిండరు ఒత్తిడిని కొలిపింపుడు. ప్రక్కప్రక్కనే యున్న రెండు సిలిండర్లలో ఒత్తిడి బాగుగ తగ్గియున్నచో, వాని నడుమ గాస్కెట్టు తెగియుండునని తలపవచ్చును. సిలిండరులో నీరు చేరినదను ననుమాన మున్నచో ప్లగ్గులు తీయక ఇంజనును త్రిప్పరాదు. నీరు అదుమబడునది కాదు గనుక పిస్టను కడ్డీ వంగిపోవును.

బాగుచేయు పద్ధతి

ఇంజను చల్లబడిన పిదపనే పని మొదలుపెట్టవలెను. బ్యాటరీ తీగ విప్పి, నీరు తీసివేసి, హెడ్డు నట్లను వెలుపలి నుండి లోపలికి, ఒక్కొక్కదానిని కొంచెము కొంచెముగ సడలింపవలెను. అంబాసిడరు ఇంజనులో రాకరు కమ్మీని పట్టియున్న నట్లలో కొన్ని హెడ్డును గూడ పట్టియుండును. ఈ సంగతి మఱచిన హెడ్డు వంగును. హెడ్డును స్క్రూడ్రైవరుతో పెకలింపరాదు. గీతపడిన చోట క్రొత్త గాస్కెట్టు నిలువదు.

పాత గాస్కెట్టును పాఱవేయనీయకుడు. అది ఎచ్చట నల్లగ కాలినదో, ఎచ్చట తెగినదో చూచినచో రోగమున్న చోటు తెలియును. పూర్వపు గాస్కెట్లలో ఆస్‌బెస్టాసు నార యుండెడిది. దాని ధూళి ఊపిరితిత్తులకు మిక్కిలి హాని. కావున పొడిగ గీకుటగాని, గాలికొట్టి యూదుటగాని కూడదు. నీటితో తడిపి తీయవలెను.

పిదప హెడ్డుపై సరియైన ఉక్కు బద్దను పెట్టి, నిలువుగను, అడ్డముగను, మూలనుండి మూలకును, దాని క్రింద ఫీలరు గేజి దూర్చి చూడవలెను. బండి పుస్తకములో జెప్పిన హద్దును పాటింపవలెను. చిన్న ఇంజనులకు అది సాధారణముగ మిల్లీమీటరులో ఇరువదవవంతు మొదలు పదవవంతు వఱకు నుండును. అంతకు మించి వంగినచో లేతు షాపులో ఫేసింగు చేయింపవలెను. బీటలున్నవేమో ఒత్తిడి పరీక్షయు చేయింపవలెను. ఫేసింగు ఎంతవఱకు చేయవచ్చునో దానికిని హద్దు కలదు. ముఖ్యముగ డీజిలు ఇంజనులలో హద్దు మీఱిన వాల్వులు పిస్టనుకు తగులును.

బోల్టు రంధ్రములలో ఆయిలు, నీరు లేకుండ శుభ్రపఱచి, క్రొత్త గాస్కెట్టుపై నున్న గుర్తు ప్రకారము పైవైపు పైకి, ముందువైపు ముందుకు ఉండునట్లు అమర్పవలెను. బిగించునపుడు నడుమనుండి వెలుపలికి, మూడు విడతలుగ, టార్కు రెంచి యను బిగువు కొలుచు పానాతోనే బిగింపవలెను. చేతి యందాజు పనికిరాదు. తుదకు టాపెట్లు సరిచేసి, ఆయిలును ఫిల్టరును మార్చి, ఆయిలులో నీరు కలిసియున్నచో కొద్ది దినములు నడిపిన పిదప మఱల మార్చవలెను. అంబాసిడరు వంటి పాత ఇంజనులకు కొంతదూరము నడచిన తరువాత నట్లను మఱల సరిచూచుట ఆచారము. క్రొత్తరకపు బోల్టులకు పుస్తకము చెప్పినట్లు చేయవలెను.

మూలమును తొలగించుట

మన బోరు నీరు కాచిన గిన్నె యడుగున తెల్లని పొర నిలుచుట అందఱు నెఱిగినదే. ఆ పొరయే రేడియేటరు గొట్టములలోను, ఇంజను నీటి దారులలోను పేరుకొని వేడిని వెలికి పోనీయదు. కావున బోరు నీరు పోయుట మాని, బ్యాటరీలకు వాడు శుద్ధజలమును కూలెంటుతో కలిపి పోయవలెను. కూలెంటు త్రుప్పును గూడ అరికట్టును. రేడియేటరు మూత బిగువు చెడినచో అదియు మార్చవలెను. చదరపు అంగుళమునకు 7 పౌనుల ఒత్తిడి నిలుపు మూత నీటి మరుగుస్థానమును 110 డిగ్రీల దాపునకు పెంచును. మూత చెడిన ఆ మేలు పోవును. రేడియేటరులో పసుపు వేయుట చిన్న చిల్లికి ఆ పూటకు పనికివచ్చునేమో గాని, గాస్కెట్టును బాగుచేయ జాలదు సరికదా, దారులను పూడ్చును.

తుక్కుగూడ వద్ద ఔటరు రింగు రోడ్డెక్కి శంషాబాదు వైపు పోవునపుడు క్రొత్త కార్లతో పందెము వేయరాదు. వేడి ముల్లు పైకెక్కినచో బండిని ప్రక్కకు దీసి ఇంజను నాపుడు. గమ్యము ఇంక రెండు మైళ్లే యున్నదని నడిపినవారే హెడ్డును పోగొట్టుకొనుచున్నారు. కాగియున్న రేడియేటరు మూత తీయకుడు. మరుగు నీరు ముఖముపై చిమ్మును. ఇంజనుపై చన్నీరు పోయకుడు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న ఫలమేమి?

ట్రాక్టరునకును, నీటితో చల్లబడు డీజిలు పంపు ఇంజనునకును ఈ సూత్రములే వర్తించును. మంచి టార్కు రెంచి, ఉక్కు బద్ద, ఫీలరు గేజి, కంప్రెషను గేజి యొక్కొక్కరు కొనవలసిన వస్తువులు కావు. పదిమంది సభ్యులు చేరి కొని యుంచుకొన్నచో అందఱి బండ్లకును పనికివచ్చును. మెకానిక్కు వద్దకు పోవునపుడు రైతు అడుగవలసిన ప్రశ్నలు మూడు: పరీక్ష ఏమి చేసితివి? హెడ్డు వంపును కొలిచితివా? వేడెక్కుటకు కారణ మేమి? ఈ మూడింటికి ఉత్తరము దొరికిన పిదపనే డబ్బు చెల్లించుట మేలు.