పాదములందలి ఆనెలు, కాయలు

ఎద్దు కుంటినచో ఆనాడే గిట్టలు చూచి నాడాలు కొట్టించు రైతు, తన పాదమున ఆనె లేచినచో ఏండ్లతరబడి ఉపేక్షించుట మేము గ్రామములందు చూచుచున్నాము. లేదా కత్తి పట్టి తానే కోసికొనును. రెండును తగవు.

ఆనెకు వేరు గలదనియు, లోపల ముల్లు మిగిలినదనియు కొందఱు తలంతురు. అది సరికాదు. ఒకేచోట ఒత్తిడియు రాపిడియు ఎడతెగక కలిగినచో చర్మము తన్ను కాపాడుకొనుటకై మందమగును. మేడి పట్టిన అరచేయి కాయలు కాచునట్లే అరికాలును కాచును. కాయ వెడల్పుగా, చదునుగా నుండి సాధారణముగా నొప్పి పెట్టదు. ఆనె చిన్నది, దాని నడుమ గట్టిమొన లోనికి దిగియుండుటచే అడుగిడినపుడు గ్రుచ్చుకొనును. పులిపిరి వీనికంటె వేఱు. అది వైరస్ అను సూక్ష్మజీవివలన కలుగును. ప్రక్కలనుండి నొక్కినపుడు ఎక్కువ నొప్పి పెట్టును.

కావున ఒత్తిడి తొలగించుటయే ఆనెకు అసలైన చికిత్స. అది నిలిచియుండగా ఎన్నిమారులు కోసినను ఆనె మరల పెరుగును. చెప్పు ముందుభాగము వ్రేళ్లు విప్పారునంత వెడల్పుగా నుండవలెను. పట్టీ రాయుచోట మెత్తని తోలు వేయించుకొనవలెను.

రాత్రి గోరువెచ్చని నీట పాదములను 10 నిమిషములుంచి, మెత్తబడిన చర్మమును కాళ్లు రుద్దుకొను రాయితో మెల్లగా రుద్దవలెను. ఒక్కనాడే అంతయు తీయరాదు. చర్మము ఎఱ్ఱబడక మునుపే ఆపవలెను. పిమ్మట తడి యొత్తి కొబ్బరినూనె గాని, వాజలైను గాని పూయవలెను. ఇట్లు కొన్ని వారములు చేసిన గుణము కనిపించును.

కత్తితో కోయుట, వాత పెట్టుట, నల్లజీడి రసము, జిల్లేడు పాలు పూయుట మిక్కిలి ప్రమాదము. బురద, పేడ త్రొక్కు పాదమునకు చిన్న గాయమైనను ధనుర్వాతము ప్రవేశించుటకు త్రోవ యగును. అంగళ్లలో అమ్ము ఆనెపట్టీలలో సాలిసిలిక్ ఆమ్లముండును. అది మంచి చర్మమునుగూడ తినివేయగలదు.

మధుమేహము గలవారును, కుష్ఠువుచే పాదమున స్పర్శ నశించినవారును ఈ పట్టీలు వాడరాదు. ఆనెను తామై ముట్టనురాదు. నొప్పి లేదుగదా యని వారు మురియరాదు. నొప్పి లేకపోవుటయే వారికి అపాయము. 1946లో వేలూరు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండు, కుష్ఠురోగుల పాదములందలి పుండ్లు పెక్కు స్పర్శ లేని చోట కలుగు ఒత్తిడి, గాయములవలననే యని చూపెను. మందమైన కాయ క్రిందనే పుండు దాగియుండవచ్చును. అట్టివారు ప్రతిరాత్రియు అరికాళ్లు పరీక్షించుకొనవలెను.

చీము, వాపు, వేడిమి, నల్లదనము కనిపించినచో ఎవరైనను పనిదినము పోవునని చూడక, వెంటనే వైద్యుని యొద్దకు పోవలెను.