విశ్వాసరావుకు తగలని గుండు

ఢిల్లీలో నలుగురు తెలుగువారు కలిస్తే సంభాషణ మంత్రివర్గ మార్పులతో మొదలై ఇంటి అద్దెలతో ముగియడం ఆనవాయితీ. గత ఆదివారం ఒక మిత్రుని ఇంట మాత్రం అది 1761వ సంవత్సరానికి వెళ్ళి అక్కడే నిలిచిపోయింది. కారణం, 2025 మే నెలలో కన్నుమూసిన ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ మరాఠీలో రాసిన ‘గంగాధరపంతాంచే పానిపత’ అనే కథ. దాని ఆంగ్ల రూపం పదకొండవ తరగతి పాఠ్యపుస్తకానికి ఎక్కింది. మిత్రుని కుమార్తె ఆ పాఠం చదువుతూ మమ్మల్నందరినీ వివాదంలోకి దింపింది.

చరిత్రాచార్యుడు గంగాధరపంత్ ఒక ప్రమాదం వల్ల వేరొక భారతదేశంలోకి జారిపోతాడు. అక్కడ పానిపట్టు మూడవ యుద్ధంలో పీష్వా కుమారుడు విశ్వాసరావు వైపు వచ్చిన గుండు గురి తప్పింది. మరాఠాలు గెలిచారు. ఈస్టిండియా కంపెనీ కొద్దిచోట్లకే పరిమితమైంది.

“ఒక్క గుండు తప్పితే మన దాస్యమే తప్పేది గదా!” అని ఒకరు నిట్టూర్చారు. అక్కడే ఉన్న విశ్రాంత చరిత్రోపాధ్యాయులు ఇందుకు సమ్మతించలేదు. 1761 జనవరి 14 నాటికి మరాఠా శిబిరం ఆకలితో అలమటిస్తున్నది. ఢిల్లీ నుంచి ధాన్యం వచ్చే దారులను అబ్దాలీ తెగ్గొట్టాడు. భరత్‌పూర్ సూరజ్‌మల్ అంతకు ముందే తప్పుకున్నాడు. రాజపుత్రులు దూరంగా ఉండిపోయారు. గుండు గురి తప్పినంత మాత్రాన గాదెలు నిండవని వారి వాదం.

నేను మన తీరాన్ని గుర్తు చేశాను. ప్లాసీ యుద్ధం 1757లో ముగిసింది. మచిలీపట్నం 1759లోనే ఇంగ్లీషువారి వశమైంది. పానిపట్టులో ఎవరు గెలిచినా, కృష్ణా ముఖద్వారంలో కంపెనీ అప్పటికే పాదం మోపి ఉన్నది.

ఇంతలో ఆ అమ్మాయి, “మరాఠాల ఫిరంగులను నడిపింది ఇబ్రహీంఖాన్ గార్దీ కదండీ! ఆయన ఏ పక్షం?” అని అడిగింది. పూర్వం హైదరాబాదు నిజాం కొలువులో ఫ్రెంచి పద్ధతి యుద్ధవిద్య నేర్చిన ఆ సేనాని మరాఠాల పక్షాన పోరాడి, పట్టుబడి, ప్రాణమిచ్చాడు. అటు అబ్దాలీకి తోడుగా వచ్చిన అవధ్ నవాబు సేనలో గోసాయి యోధులున్నారు. పానిపట్టును రెండు మతాల కుస్తీగా వర్ణించే ఉపన్యాసకులకు ఈ ఇద్దరి ప్రస్తావన బొత్తిగా గిట్టదు. గతాన్ని తిరిగి గెలవాలనుకునేవారు ముందుగా చెరిపివేసేది ఇటువంటి పేర్లనే.

కథలో గంగాధరపంత్ ఆజాద్ మైదానంలో ఖాళీగా ఉన్న అధ్యక్షపీఠం చూసి ఆశపడి ఎక్కుతాడు. ఉపన్యాసాలతో విసిగిన జనం చేతికందినది విసిరి దింపుతారు. స్వలోకానికి తిరిగి వచ్చాక, ఇక ఏ సభకూ అధ్యక్షత వహించరాదని ఆయన నిశ్చయించుకుంటాడు. మన రాజధానిలో అటువంటి వైరాగ్యం ఎవరికీ కలిగిన దాఖలా లేదు. ఇక్కడ పీఠాలేవీ ఖాళీగా లేవు మరి!