కాలువ నీటికి పద్దు

ఇంటి ఖర్చునకు పద్దు వ్రాసినట్లే నదుల, చెరువుల నీటికిని ప్రభుత్వములు పద్దు వ్రాయవలసియున్నది. నీరెంత వచ్చును? ఎవరికెంత చెందును? ఏ పంటకెంత కావలెను? ఆ నీరు శుభ్రమైనదేనా? ఉపరితల జల విధానమనగా ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానమే. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతములలో దీనిని కన్నులార చూడవచ్చును.

నాగార్జునసాగరపు కాలువలలోనికి 1967లో నీరు వదలిరి. ఎడమ కాలువ మొదట మిర్యాలగూడ ప్రాంతమును తడిపి, పిమ్మట కోదాడ వైపునకును, ఆపైన ఖమ్మం జిల్లాకును సాగును. దీనికి కేటాయించిన నీరు 132 టి.ఎం.సి.లు. 1 టి.ఎం.సి. అనగా 100 కోట్ల ఘనపుటడుగులు. ఒక ఎకరమున అడుగు లోతు నీరు నిలుపుటకు 43,560 ఘనపుటడుగులు కావలెను. కనుక 1 టి.ఎం.సి. నీరు దాదాపు 23,000 ఎకరములలో అడుగు లోతున నిలుచును.

వరికి పంటకాలమంతటికిని నాలుగడుగుల నీరు కావలెననుకొనినచో, ఆ నీరు సుమారు 5,700 ఎకరములకే చాలును. ఆరుతడి పంటకు రెండడుగులనుకొనినచో 11,500 ఎకరములు తడియును. కాలువలో ఇంకిపోవు నీటిని తీసివేసినచో ఈ అంకెలు ఇంకను తగ్గును. అందుచేతనే ఏ భూమికి మాగాణి, ఏ భూమికి ఆరుతడి అని ముందుగానే నిర్ణయింతురు. ఎగువవారు దానిని మీరి వరి నాటినచో, ఏ తప్పును చేయని చివరి రైతు పైరు ఎండును. నీరు కొరవడిన ఏడు వంతులవారీగా నీరు వదలుట ఇందుకే. 1997 నాటి చట్టము నీటి వినియోగదారుల సంఘముల నేర్పరచి, ఈ పంపకములో రైతులకు భాగము కల్పించినది.

సూర్యాపేట సమీపమున మూసీనదిపై 1963లో పూర్తియైన జలాశయము మరియొక పాఠము చెప్పుచున్నది. మూసీ హైదరాబాదు నగరపు మురుగును మోసికొని వచ్చును. పరిమాణము సరిపోయినను గుణము చెడినచో పద్దు తప్పినట్లే. కావున నగరమున మురుగును శుద్ధిచేయుట సూర్యాపేట రైతుకు నీరిచ్చుటలో భాగమే. ఈ మూసీయే దిగువన వాడపల్లి వద్ద కృష్ణలో కలియును.

చెరువులో పూడిక పెరిగినకొలది నీటి నిలువ తగ్గును. పూడిక తీయించుటకు తెలంగాణ ప్రభుత్వము 2015లో మిషన్ కాకతీయ పనులు ప్రారంభించినది.

ఉపాధ్యాయులు విద్యార్థులను ఊరి చెరువు కడకు తీసికొనిపోయి, దాని వైశాల్యమును, లోతును కొలిపించి, ఆ నీరు ఎన్ని ఎకరములకు చాలునో లెక్క కట్టింపవచ్చును. ఆ లెక్క తెలిసినవాడు తన తూము తెరచునపుడు దిగువ పొలమును మరువడు.