కాయకు కత్తి పెట్టకుండానే పక్వం తెలుస్తుందా? వెలుతురు మీటర్ గురించి నాకు తెలిసింది

శ్రీకాళహస్తి దగ్గర మా మామిడి తోపు గురించి ఇంతకుముందు వీడియోల్లో చూసే ఉంటారు. ఈసారి కాయ లోపల పక్వం ఎంత వచ్చిందో వెలుతురుతో చెప్పే మీటర్ల గురించి మాట్లాడుకుందాం. వీడియోలో చేసి చూపించినవి చేసుకునేటప్పుడు చూసుకోవడానికి వీలుగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పాలి. రెండు సీజన్ల కిందట ఆర్డర్లు ఎక్కువ వచ్చాయని బేనీషా కాయల్ని వారం పది రోజులు ముందే కోసేశాను. సైజు బాగుంది, భుజాలు నిండినట్టే కనిపించాయి. ఐదారు రోజులకు తిరుపతి నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. "ఏం నాయనా, జీవామృతం పోసి పెంచినావని తీసుకుంటిమి. తోలు ముడతలు పడింది గానీ పండు కాలేదే" అనింది. డబ్బులు వెనక్కిచ్చాను. కానీ మండీకి పోకుండా నేరుగా అమ్ముకునే మనలాంటోళ్లకు పోయేది డబ్బు ఒక్కటే కాదు, నమ్మకం కూడా.

ఆ తర్వాత ఒకాయన చేతిలో పట్టుకునే మీటర్ తెచ్చి చూపించాడు. చెట్టు మీదున్న కాయకు ఆనించి బటన్ నొక్కితే "బ్రిక్స్ 16" అని వచ్చింది. నాకు అనుమానం వచ్చి ఆ కాయనే కోసి చూశాను. టెంక చుట్టూ కండ ఇంకా తెల్లగానే ఉంది. రసం చుక్క తీసి నా దగ్గరున్న రిఫ్రాక్టోమీటర్‌లో వేస్తే 7 చూపించింది. "ఇది ఏ రకం మామిడికి సెట్ చేసింది?" అని అడిగితే "మామిడంతా ఒకటే కదన్నా" అన్నాడు. తిరకాసు అక్కడే ఉంది.

వెలుతురు లోపలికి ఎలా పోతుంది?

చీకట్లో ఫోన్ టార్చ్ మీద అరచెయ్యి పెట్టి చూడండి. వేళ్లు ఎర్రగా మెరుస్తాయి. అంటే ఎర్ర వెలుతురు కండలోంచి కొంత బయటికి వస్తోంది. మన పెద్దోళ్లు కోడిగుడ్డును దీపం ముందు పట్టి మంచిదా, మురిగిందా అని చూసేది కూడా ఈ పద్ధతే. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన కార్ల్ నోరిస్ అనే ఇంజినీరు కూడా గుడ్లను వెలుతురుతో పరీక్షించే యంత్రాలతోనే మొదలుపెట్టాడు. తర్వాత 1960ల్లో గింజల్లో తేమ, మాంసకృత్తులు కొలిచే దాకా వచ్చాడు. జపాన్‌లో 1980ల చివర నుంచి పీచ్ పండ్లను ఇలాగే తీపిని బట్టి వేరు చేస్తున్నారు.

ఎరుపు దాటాక కంటికి కనిపించని వెలుతురు ఉంటుంది. టీవీ రిమోట్ నుంచి వచ్చేది అదే. రిమోట్ బటన్ నొక్కి ఫోన్ ముందు కెమెరాలో చూస్తే చాలా ఫోన్లలో చిన్న మెరుపు కనిపిస్తుంది. చేతి మీటర్లు ఎక్కువగా 700 నుంచి 1100 నానోమీటర్ల మధ్య ఉండే ఈ వెలుతురునే కాయలోకి పంపిస్తాయి. నీళ్లు 970 దగ్గర దాన్ని బాగా పీల్చుకుంటాయి. పిండి పదార్థం, చక్కెర వేరే చోట్ల పీల్చుకుంటాయి. తిరిగొచ్చిన వెలుతురులో ఎక్కడ ఎంత తగ్గిందో చూసి మీటర్ లెక్క కడుతుంది.

మీటర్ తీపిని నేరుగా చూడదు, అంచనా వేస్తుంది. ఆ అంచనా ఏ కాయలతో నేర్పిస్తే ఆ కాయలకే సరిపోతుంది. వేరే రకంతో నేర్పిన మీటర్‌ను బేనీషా మీద పెడితే నాకు వచ్చినట్టే తప్పుడు నంబర్ రావచ్చు.

పచ్చి కాయలో బ్రిక్స్ చూసి లాభం లేదు

మామిడి కాయ చెట్టు మీద ఉన్నప్పుడు తీపిని ఎక్కువగా పిండి పదార్థంగా దాచుకుంటుంది. మాగేటప్పుడు ఆ పిండే చక్కెర అవుతుంది. అందుకే బాగా పక్వానికి వచ్చిన కాయలో కూడా కోసిన రోజు బ్రిక్స్ తక్కువే ఉంటుంది. చూడాల్సింది కండలో నీళ్లు పోగా మిగిలే పొడి పదార్థం ఎంత అనేది. ఆస్ట్రేలియాలో మామిడి రైతులు రకాన్ని బట్టి 14, 15 శాతం దగ్గర దీన్నే కోతకు గుర్తుగా పెట్టుకుంటున్నారు.

పండు రంగు కూడా మోసం చేస్తుంది. పిండి పట్టని లేత కాయను కార్బైడ్ పెట్టి పచ్చగా మార్చొచ్చు గానీ, లోపల లేని తీపి ఎక్కడ నుంచి వస్తుంది? కార్బైడ్‌ను ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయి. 100 పీపీఎం దాకా ఇథిలీన్ గ్యాస్ వాడుకోవచ్చు. అయితే గ్యాస్ అయినా, వరిగడ్డి అయినా ముందే కోసిన కాయను కాపాడలేవు.

మీటర్ లేకుండా మనం చేసుకోగలిగేది

చేతి మీటర్ల ధర లక్షల్లో ఉంటుంది. నేను కొనలేదు. ఇలా చేస్తున్నాను:

1. కోతకు రెండు వారాల ముందు నుంచి తోపులో వేర్వేరు చెట్ల నుంచి ఐదు కాయలు కోస్తాను. తోలు, టెంక తీసి కండ తురిమి, పదో వంతు గ్రాము చూపే చిన్న కాటాలో సరిగ్గా 100 గ్రాములు తూస్తాను.

2. పళ్లెంలో పలచగా పరిచి, పైన బట్ట కట్టి, బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెడతాను. మిగిలిన గ్రాములే శాతం. ఎండలో ఆరిస్తే కొంచెం తేమ మిగిలిపోతుంది కాబట్టి ఈ నంబర్‌ను ఆస్ట్రేలియా నంబర్‌తో పోల్చకండి. మీ తోపులో వారం వారం ఎంత పెరిగిందో చూసుకోండి.

3. అదే రోజు అవే చెట్ల నుంచి కోసిన కొన్ని కాయల్ని గడ్డిలో మాగబెట్టి, పండాక రిఫ్రాక్టోమీటర్‌తో బ్రిక్స్ రాసుకుంటాను. వెయ్యి, రెండు వేలకు దొరికే ఈ పరికరం కూడా వెలుతురుదే. చక్కెర ఎక్కువైతే వెలుతురు ఎక్కువ వంగుతుంది. కాకపోతే దీనికి రసం చుక్క కావాలి.

4. కోత రోజు కాయల్ని బకెట్ నీళ్లలో వేస్తాను. పిండి పట్టిన కాయ బరువెక్కి మునుగుతుంది. లేతది తేలుతుంది. లోపల గుల్ల పడిన కాయ కూడా తేలొచ్చు, అందుకే తేలినవాటిలో ఒకటి రెండు కోసి చూస్తాను.

సంఘంగా కొనాలనుకుంటే

పది మంది రైతులు కలిసి మీటర్ కొంటే తప్పులేదు. కానీ అమ్మేవాళ్లను ముందు ఇదే అడగండి: మా రకానికి నేర్పించారా? లేదంటే మన కాయలు కనీసం వంద, వేర్వేరు తోపులవి, ముందు మీటర్‌తో కొలిచి తర్వాత తురిమి ఆరబెట్టి సరిచూడాలి. వచ్చే సీజన్లో మళ్లీ చూడాలి. నీడలోనే కొలవాలి, సొన తుడవాలి, రెండు బుగ్గల మీదా చూడాలి. కాయ వేడి మారితే నంబర్ కూడా మారుతుంది. వెలుతురు పోయేది పైకండలోకే, టెంకలో పురుగుంటే చేతి మీటర్‌కు తెలియదు.

చివరగా ఒక మాట. "మీటర్ పెట్టి మీది ప్రకృతి కాయే అని చూపించండి" అని కొందరు అడుగుతున్నారు. అది కుదరదు. మందుల అవశేషాలు పది లక్షల భాగాల్లో ఒకటి రెండు భాగాలు, అంతకంటే తక్కువ కూడా ఉంటాయి. వాటిని చూడాలంటే ల్యాబ్ కావాలి. బ్రిక్స్ ఎక్కువుంటే మందు కొట్టలేదని అర్థం కాదు. ఆ మాట మనమే కొనేవాళ్లకు చెప్పాలి. మీటర్ చెప్పేది పక్వం ఒక్కటే. మనం ఎలా పండించామో చెప్పాల్సింది మన తోపు, మన లెక్కల పుస్తకం.

పోయిన సీజన్లో ఆ అక్కకు మళ్లీ ఒక పెట్టె పంపించాను, ఈసారి నీళ్లలో మునిగిన కాయలే. ఇంకో రెండు పెట్టెలు కావాలని ఫోన్ చేసింది. ఆరబెట్టే పద్ధతి వీడియోలో మొత్తం ఉంది, చూసి మీ తోపులో చేయండి. మీకొచ్చిన నంబర్లు రాసి పెట్టుకోండి.