వేటవిల్లు గురి: చివరి పిన్ను ఎంత దూరానికి?

చెట్టుకొమ్మన వేలాడే మామిడికాయను రాయితో కొట్టబోయే పిల్లవాణ్ణి గమనించండి. కాయ దగ్గరగా ఉంటే తిన్నగా దానివైపే విసురుతాడు. దూరపు కొమ్మన ఉంటే కాయకు కాస్త పైకి గురి చూస్తాడు. చేతి నుండి వెడలిన రాయి దారిలో కిందికి దిగుతుందని అతనికి ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు, అనుభవం చెప్పింది. ఎంత పైకి గురి చూడాలన్నది మాత్రం ప్రతిసారీ అంచనాయే. తప్పితే నష్టం లేదు, మరొక రాయి ఉంటుంది.

లక్ష్యం కాయ కాక ప్రాణమున్న జింక అయినప్పుడు ఆ అంచనాకు చోటుండరాదు. అమెరికాలో విల్లంబులతో వేటాడేవారు తమ విండ్లకు బిగించుకునే ‘సైట్’ అనే పరికరం ఈ అవసరం నుండి పుట్టినదే. దానిలోని పిన్నులను ఏయే దూరాలకు అమర్చుకోవాలన్నది చూడడానికి చిన్న ప్రశ్న. దాని జవాబులో కొంత భౌతికశాస్త్రం, కొంత ఆత్మపరీక్ష, కొంత ధర్మం కలిసి ఉన్నాయి.

ఎక్కడి వేట, ఏ విల్లు?

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వన్యమృగాల వేటను నిషేధిస్తున్నది. జింకను తుపాకితో కొట్టినా బాణంతో కొట్టినా నేరమే. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ ప్రతి రాష్ట్రమూ వేటకు రుతువునూ నియమాలనూ నిర్ణయించి లైసెన్సులు ఇస్తుంది. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రం విల్లంబులతో జింకల వేటకు ప్రత్యేకంగా అనుమతినిచ్చింది. తరువాత ఇతర రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. ఈ వేటలో ప్రధాన మృగం తెల్లతోక జింక. వేటగాడు సాధారణంగా చెట్టుకు కట్టిన మంచెపై కూర్చుని, అది సమీపానికి వచ్చేదాకా నిరీక్షిస్తాడు.

నేడు అక్కడ ఎక్కువగా వాడే విల్లు ‘కాంపౌండ్’ విల్లు. దీనిని రూపొందించిన మిస్సౌరీ వాసి హోలెస్ విల్బర్ ఆలెన్‌కు 1969లో పేటెంటు లభించింది. విల్లు రెండు కొనలకూ చక్రాలుంటాయి. అల్లెతాడును పూర్తిగా లాగిన తరువాత చేతిపై భారం బాగా తగ్గిపోతుంది. అందువల్ల విలుకాడు కొన్ని క్షణాలు నిలకడగా గురి చూడగలుగుతాడు. అల్లెతాడులో ‘పీప్’ అనే చిన్న రంధ్రపు బిళ్ల అమర్చి ఉంటుంది. విల్లు పిడికి పైభాగాన సైట్ ఉంటుంది. కన్ను, పీప్ రంధ్రం, పిన్ను కొన, లక్ష్యం నాలుగూ ఒకే సరళరేఖపైకి వచ్చినప్పుడు బాణం విడుస్తారు.

సైట్‌లో పిన్నులు ఒకదాని కింద ఒకటిగా ఉంటాయి. అన్నిటికన్న పై పిన్ను దగ్గరి దూరానికి, కింది పిన్ను ఎక్కువ దూరానికి ఉద్దేశించినవి. ఇది మొదట తలకిందులుగా తోచవచ్చును. కారణం తేలికైనదే. కింది పిన్నును లక్ష్యంపైకి తేవాలంటే విల్లును మరికొంత పైకి ఎత్తాలి. విల్లు పైకి లేచిన కొద్దీ బాణం ఎక్కువ ఏటవాలుగా బయలుదేరి ఎక్కువ దూరం అందుకుంటుంది. మామిడికాయ కింద నిలిచిన పిల్లవాడు మనసులో చేసిన పనినే ఇక్కడ లోహపు పిన్ను చేస్తున్నది.

బాణం ఎంత దిగుతుంది?

సెకనుకు 85 మీటర్ల వేగంతో వెడలే బాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. నేటి కాంపౌండ్ విండ్లకు ఇది అసాధారణమైన వేగం కాదు. అక్కడ దూరాలను గజాలలో చెప్పడం ఆచారం. ఒక గజం 91.44 సెంటీమీటర్లు. గాలి నిరోధాన్ని పక్కన పెట్టి లెక్కిస్తే, బయలుదేరిన సరళరేఖ నుండి ఈ బాణం 20 గజాల వద్ద సుమారు 23 సెం.మీ., 30 గజాల వద్ద 51 సెం.మీ., 40 గజాల వద్ద 91 సెం.మీ., 50 గజాల వద్ద 142 సెం.మీ. కిందికి దిగుతుంది.

దూరం 20 నుండి 40 గజాలకు రెట్టింపయితే దిగుడు నాలుగు రెట్లయింది. పడే వస్తువు దిగుడు కాలపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని ఉన్నత పాఠశాలలో నేర్చుకున్న సూత్రమే ఇది. మొదటి పది గజాల తేడాకు 28 సెం.మీ. దిగిన బాణం, 40 నుండి 50 గజాలకు పోయేసరికి అదే పది గజాల తేడాకు 51 సెం.మీ. దిగుతున్నది. పిన్నుల ఎంపికకు పునాది ఈ ఒక్క విషయమే. దగ్గరలో దూరపు పొరపాటు క్షమింపబడుతుంది, దూరంలో క్షమింపబడదు.

మొదటి పిన్ను

తెల్లతోక జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం పక్కనుండి చూస్తే ఒక పలహారపు పళ్లెమంత ఉంటుంది. దాదాపు 20 సెం.మీ. వ్యాసమున్న వలయం అనుకోవచ్చును. నడిమికి గురి చూస్తే పైకి గాని కిందికి గాని 10 సెం.మీ. మించి తప్పరాదు. ఈ కొలతే అన్ని నిర్ణయాలకూ గీటురాయి.

పై పిన్నును 20 గజాలకు అమర్చడం బహుళ ప్రచారంలో ఉన్న పద్ధతి. కన్ను బాణానికి సుమారు 11 సెం.మీ. ఎత్తున ఉంటుందనుకుంటే, ఈ పిన్నుతో 10 గజాల వద్ద బాణం దాదాపు గురి పెట్టిన చోటే తగులుతుంది. 15 గజాల వద్ద ఒకటిన్నర సెం.మీ. పైన, 25 గజాల వద్ద నాలుగు సెం.మీ. కింద తగులుతుంది. అనగా 25 గజాల దాకా వేటగాడు దూరం గురించి ఆలోచించవలసిన పనే లేదు. ఈ పిన్నును 10 గజాలకో 15 గజాలకో అమర్చుకోవడం వృథా అని దీనివల్ల తేలుతున్నది.

కొందరు పై పిన్నును 25 గజాలకు అమర్చుకుంటారు. అప్పుడు 15 గజాల వద్ద బాణం నాలుగు సెం.మీ. పైన, 30 గజాల వద్ద ఆరు సెం.మీ. కింద తగులుతుంది. రెండూ వలయం లోపలివే. దట్టమైన అడవిలో మంచెపై కూర్చుని, 30 గజాలు దాటి బాణం వేసే అవకాశమే లేని వేటగాడికి ఈ ఒక్క పిన్ను చాలును.

నడిమి పిన్నులు

20, 30, 40 గజాలకు మూడు పిన్నులు అమర్చుకోవడం వాడుక. జింక 35 గజాల వద్ద నిలిస్తే 30, 40 పిన్నుల నడిమి ఖాళీని లక్ష్యంపై ఉంచుతారు. సైట్‌పై ఈ పిన్నుల మధ్య ఎడం కొద్ది మిల్లీమీటర్లే. బాణం వేగం పెరిగితే ఆ ఎడం ఇంకా తగ్గి పిన్నులు ఒకదానికొకటి దగ్గరవుతాయి. అందువల్ల ఒకరి సైట్‌పై కొలిచిన ఎడాన్ని మరొకరు అనుకరించడం కుదరదు. ప్రతి విల్లుకూ, ప్రతి బాణానికీ పిన్నులను విడిగా పరీక్షించి అమర్చవలసిందే.

అయిదు, ఏడు పిన్నులున్న సైట్లూ దొరుకుతాయి. ఎన్ని ఎక్కువైతే అంత మేలని తోస్తుంది గాని అది నిజం కాదు. తెల్లవారుజామున మసక వెలుతురులో, గుండె వేగంగా కొట్టుకుంటున్న వేళ, పిన్నుల గుంపులో ఏది ఏదో ఎంచుకోవాలి. పొరపాటున 40 గజాల పిన్నును 20 గజాల జింకపై ఉంచితే బాణం 17 సెం.మీ. పైగా పోతుంది. 20 గజాల పిన్నును 40 గజాల జింకపై ఉంచితే 34 సెం.మీ. కిందికి పోతుంది. ఈ రెండు పొరపాట్లూ వలయం బయటివే. పిన్ను కొనలకు ఆకుపచ్చ, ఎరుపు, పసుపు రంగులు ఇవ్వడం ఈ గందరగోళాన్ని తగ్గించడానికే.

ఈ చిక్కు లేకుండా ఒకే పిన్నును పైకీ కిందికీ జరిపే సైట్లు కూడా ఉన్నాయి. దూరం తెలుసుకుని, దానికి తగినట్లు పిన్నును జరిపి గురి చూడాలి. గురి స్పష్టంగా ఉంటుంది. అయితే ఈ లోగా జింక నాలుగడుగులు కదిలితే మళ్లీ జరుపుకునే వ్యవధి ఉండదు. ఇలాంటి సైట్ వాడేవారు మంచెపై ఉన్నంతసేపూ పిన్నును 25 గజాల వద్దనే ఉంచుకోవడం వివేకం.

చివరి పిన్ను

అసలు ప్రశ్న ఇక్కడ ఉన్నది. విల్లు 60 గజాలు, 80 గజాలు కొట్టగలదు. కనుక చివరి పిన్నును 60కి అమర్చుకోవచ్చునా? విల్లు శక్తి ఒకటి, విలుకాడి శక్తి మరొకటి. రెండవదానిని తేల్చేవి మూడు పరీక్షలు.

మొదటిది నిలకడ. ఏ దూరం నుండి వేసిన బాణాలన్నీ పళ్లెమంత వలయంలో పడతాయో అదే విలుకాడి హద్దు. ఈ పరీక్షను ఎండలో, చదునైన నేలపై, చేయి బాగా సాధన చేసి వేడెక్కిన తరువాత చేస్తే మోసపోతాము. వేటకు ధరించే దుస్తులు ధరించి, మంచెపై నుండి, ఆ దినపు మొదటి బాణంతోనే పరీక్షించుకోవాలి. మొదటి బాణానికి పూర్వం అభ్యాసపు బాణాలు వేసుకొమ్మని జింక అవకాశమివ్వదు.

రెండవది దూరపు అంచనా. దూరాన్ని అయిదు గజాలు తక్కువగా అంచనా వేస్తే 20 గజాల పిన్నుతో తప్పు 4 సెం.మీ. మాత్రమే. 40 గజాల పిన్నుతో అదే పొరపాటు 11 సెం.మీ., 50 గజాల పిన్నుతో 14 సెం.మీ. దాటుతుంది. 40 గజాల వద్దనే వలయం చేజారిపోయింది. లేజరు రేంజ్‌ఫైండర్ ఈ లోపాన్ని చాలావరకు పూరిస్తుంది. అయినా కొలిచిన తరువాత జింక కదిలితే ఆ అంకె పాతబడినట్లే.

మూడవది కాలం. 40 గజాల దూరాన్ని బాణం దాటడానికి 0.43 సెకను పడుతుంది. అల్లెతాడు చప్పుడు అదే దూరాన్ని సుమారు 0.11 సెకనులో చేరుతుంది. అనగా బాణం కన్న ముందే, దాదాపు సెకనులో మూడవ వంతు ముందుగా, జింక చెవికి వార్త అందుతుంది. బెదిరిన జింక ఎగిరి దూకడానికి ముందు కాళ్లు వంచి ఒళ్లు కిందికి కుంగదీస్తుంది. గురి ఎంత సరియైనదైనా, లక్ష్యమే చోటు మారితే పిన్ను ఏమి చేయగలదు?

ఈ మూడింటిలో ఏది అతి తక్కువ దూరాన్ని చూపితే అదే చివరి పిన్ను కావాలి. ఊపిరితిత్తులకు తగిలిన బాణం జింకను కొద్ది క్షణాలలో పడగొడుతుంది. కడుపులో తగిలిన బాణంతో జింక పొదలలోకి పోయి గంటల తరబడి బాధపడి చస్తుంది. ఒక్కొక్కప్పుడు దొరకనే దొరకదు. పిన్ను అక్కడ ఉన్నది కనుక బాణం వేద్దామన్న ప్రలోభం కలుగుతుంది. లేని పిన్ను ఆ ప్రలోభాన్ని కలిగించదు. 40 గజాలు దాటి నిలకడ లేనివాడు ఆ కింది పిన్నులను ఊడదీసి ఇంటివద్ద ఉంచుకోవడం లజ్జాకరం కాదు, విజ్ఞత.

అమర్చే క్రమం

మొదట పై పిన్నును 20 గజాల వద్ద సరిచేసుకోవాలి. బాణం ఎటు తప్పితే పిన్నును అటే జరపాలి. బాణం కింద పడితే పిన్నును కిందికి, ఎడమకు పడితే ఎడమకు. ఒక్క బాణాన్ని చూసి జరపరాదు. మూడు నాలుగు బాణాలు వేసి వాటి నడిమి స్థానాన్ని చూసి జరపాలి. పిదప 30, ఆ తరువాత 40. సాధనకు వాడే మొన వేరు, వేటకు వాడే వెడల్పాటి పదునైన అలుగు వేరు. వాటి నడక ఒకటిగా ఉండకపోవచ్చును. కనుక చివరి పరీక్ష వేట అలుగుతోనే జరగాలి. బాణం బరువు మార్చినా, విల్లు బిగువు మార్చినా మళ్లీ మొదటికి రావలసిందే. మంచె నుండి ఏటవాలుగా కిందికి వేసేటప్పుడు కంటికి కనిపించే వాలు దూరాన్ని కాక, నేలపై అడ్డంగా కొలిచే దూరాన్ని బట్టి పిన్నును ఎంచుకోవాలి.

కాగితపు లక్ష్యం, ప్రాణమున్న లక్ష్యం

కాంపౌండ్ విల్లు తెలుగువారికి కొత్త కాదు. విజయవాడకు చెందిన జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఈ విల్లుతోనే మూడు స్వర్ణాలు సాధించారు. ఆ పోటీలో లక్ష్యం 50 మీటర్ల దూరంలో, అనగా దాదాపు 55 గజాలలో ఉంటుంది. పది పాయింట్ల వలయం వ్యాసం 8 సెం.మీ. మాత్రమే. అంత దూరాన అంత చిన్న వలయాన్ని కొట్టేవారు ఉండగా, వేటగాడు 40 గజాలకే ఎందుకు ఆగాలని ఎవరైనా అడగవచ్చును.

పోటీలో దూరం ముందుగానే తెలుసు, అంగుళం మారదు. కాగితం చప్పుడుకు బెదరదు. క్రీడాకారిణి అనేక సంవత్సరాల పాటు నిత్యం సాధన చేసి ఉంటుంది. అన్నిటికన్న ముఖ్యంగా, అక్కడ గురి తప్పితే పోయేది ఒక పాయింటు. అడవిలో గురి తప్పితే దాని ఫలితాన్ని అనుభవించేది బాణం వేసినవాడు కాదు. కనుక పై పిన్నును బాణం నడకను బట్టి, నడిమి పిన్నులను అవసరాన్ని బట్టి, చివరి పిన్నును తన మనస్సాక్షిని బట్టి అమర్చుకోవడమే సరియైన విలుకాడి లక్షణం.