బండి మోయదగిన బరువు

ఎస్.యు.వి. అని పిలువబడు ఎత్తైన పెద్ద కార్లు నేడు ఆత్రేయపురము వీథులలోను, కాలువగట్ల మీదను విరివిగా తిరుగుచున్నవి. పెండ్లికి గాని, రాజమహేంద్రవరములోని ఆసుపత్రికి గాని పోవలసివచ్చినపుడు ఇంటిల్లిపాదియు ఒకే బండిలో ఎక్కుట పరిపాటియైనది. “పెద్ద బండి, ఎంతయైనను మోయును” అను మాట తఱచుగా వినబడును. ఈ మాటలో నిజమెంతయో మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియజేయుటయే మా యుద్దేశము.

గోదావరి యొడ్డున పుట్టినవారికి పడవ సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. సరుకు ఎక్కించిన కొలది పడవ నీటిలోనికి దిగును. అంచునకు నీరెంత చేరువయైనదో కంటికి కనబడును. సముద్రపు ఓడ ఎంతవఱకు మునుగవచ్చునో తెలుపు గీత దాని ప్రక్కన ఉండితీరవలెనని ఇంగ్లండులో శామ్యూల్ ప్లిమ్సాల్ అను పార్లమెంటు సభ్యుడు పోరాడగా, 1876లో అందులకు శాసనము వచ్చెను. మోటారుబండికి అట్టి గీత లేదు. బరువెక్కినపుడు స్ప్రింగులు కొంచెము క్రుంగును, అంతియే. గీతకు బదులుగా దానికి అంకెలు కలవు.

ఆ అంకెలలో ముఖ్యమైనవి రెండు. మొదటిది ఖాళీబండి బరువు. రిజిస్ట్రేషను పత్రములో దీనిని అన్‌లేడెన్ వెయిట్ అందురు. రెండవది బండియు, అందులోని మనుష్యులును, సరుకును కలిసి మించరాని మొత్తపు బరువు. ఇది గ్రాస్ వెహికిల్ వెయిట్. రెండవదానినుండి మొదటిదానిని తీసివేయగా మిగిలినదే బండి మోయదగిన బరువు. దీనినే పేలోడు అందురు.

ఒక లెక్క చేసి చూతము. ఖాళీబండి బరువు 1,700 కిలోలు, మొత్తపు బరువు 2,300 కిలోలు అనుకొందము. మోయదగినది 600 కిలోలు. ఒక్కొక్కరు 65 కిలోల చొప్పున ఏడుగురు పెద్దలు కూర్చుండిన 455 కిలోలు అగును, మిగిలినది 145. కప్పుపై బిగించిన ఇనుప క్యారియరు 30 కిలోలైనచో మిగిలినది 115. వెనుక 25 కిలోల బియ్యపు సంచులు నాలుగు పెట్టగా 15 కిలోలు మాత్రమే మిగులును. బట్టల పెట్టెలకే అది చాలదు. అప్పుడు “సర్దుకొని కూర్చుందము” అని మఱి యిద్దఱు ఎక్కిరేని, బండి తన హద్దును 115 కిలోలు దాటిపోవును. ఎక్కినవారిలో ఒక్కరికిని ఆ సంగతి తెలియదు.

బండి నిండుట వేఱు, బరువెక్కుట వేఱు. మన యూరి పూతరేకుల పెట్టెలను కప్పు తగులువఱకు పేర్చినను బండికి అది గొప్ప మోత కాదు. అదే బియ్యపు సంచులైనచో సగము చోటు ఖాళీగా నుండగానే హద్దు దాటును. కావున జాగానుబట్టి బరువును ఎంచరాదు.

మొత్తము హద్దులోనే యున్నను, బరువు ఎక్కడ ఉన్నదను ప్రశ్న మిగులును. ముందు ఇరుసునకును, వెనుక ఇరుసునకును వేఱువేఱు హద్దులు కలవు. వెనుక చక్రములకు ఆవల సంచులన్నియు పేర్చినచో ఏతపు మ్రానువలె వెనుక భాగము క్రుంగి, ముందుభాగము తేలికయగును. స్టీరింగు త్రిప్పినంతగా బండి తిరుగదు. కప్పుపై వేసిన బరువు మఱియు అపాయకరము. ఏలయన, గురుత్వకేంద్రము పైకి లేచి, మలుపులో బండి ఒరుగుటకు సిద్ధముగా నుండును. అందుచేతనే కప్పునకు ప్రత్యేకమైన హద్దును బండితో వచ్చు పుస్తకములో వ్రాయుదురు.

టైరు ప్రక్కన సైతము ఒక అంకె యుండును. 215/75 ఆర్ 15 100 ఎస్ అని యున్నచో, 100 అనునది భారసూచిక. గాలి సరిగా నున్నపుడు ఆ టైరు 800 కిలోలు మోయగలదని అర్థము. 91 అని యున్నచో 615 కిలోలే. నాలుగు టైరులకు 3,200 కిలోల శక్తి కలదు గదాయని 2,300 కిలోల హద్దును దాటరాదు. టైరులు మోసినను బ్రేకులు ఓర్వవు. బరువు నాలుగవవంతు పెరిగిన, బ్రేకులు అణచవలసిన శక్తియు నాలుగవవంతు పెరుగును. వేగము రెట్టింపైనచో ఆ శక్తి నాలుగింతలగును. గాలి తక్కువైన టైరు అధికభారముతో పరుగెత్తినచో వేడెక్కి పగులును. ఒకప్రక్క కాలువయు, మఱియొకప్రక్క పల్లపు చేనును గల మన గట్లమీద తప్పించుకొనుటకు చోటు లేదు.

2015 జూన్ 13వ తేదీన తిరుపతి యాత్రనుండి తిరిగివచ్చుచున్న ఒక బండి మన చేరువనున్న ధవళేశ్వరము బ్యారేజిమీదనుండి క్రింద పడగా 22 మంది మరణించిరి. దానికి బరువే కారణమని మేము చెప్పుట లేదు. ఒక్క బండిలో ఎన్ని ప్రాణములు ఇమిడియుండునో, అది తప్పినపుడు ఎన్ని యిండ్లు చీకటియగునో ఆ దినమున ఈ సీమవారందఱు చూచిరి.

శాసనమును దీనిని ఉపేక్షింపలేదు. పత్రములోని మొత్తపు బరువును మించి ఏ మోటారుబండిని నడుపరాదని 1988 మోటారు వాహనముల చట్టములోని 113వ విభాగము చెప్పుచున్నది. 2019లో జరిగిన సవరణచే దీనిని మీఱినవారికి 20,000 రూపాయల జరిమానాయు, అధికమైన ప్రతి టన్నునకు 2,000 రూపాయలును విధింపబడినవి. కిరాయి బండిలో అనుమతికి మించి ఎక్కించుకొన్న ప్రతి ప్రయాణికునికి 200 రూపాయలు వేఱు. ప్రాణములతో పోల్చిన ఇవి స్వల్పములు.

విద్యార్థులారా, మీ యింట బండి యున్నచో దాని పత్రమును తండ్రిగారి నడిగి చూడుడు. రెండు బరువులను వ్రాసికొని తీసివేత చేయుడు. సందేహమున్నచో లారీలు తూచు కాటాపై నిండుబండిని ఒకమాఱు తూయింపవచ్చును. దూరప్రయాణమునకు ముందు ఎక్కువారి బరువును, సామానును కూడి చూడుడు. లెక్క మించినచో సంచులు దింపుడు. మనుష్యులే యెక్కువైనచో రెండవ బండి పిలిపింపుడని పెద్దలతో వినయముగా చెప్పుడు. తరగతిలో నేర్చిన కూడికయు, తీసివేతయు ఇంటివారిని క్షేమముగా ఇల్లు చేర్చుటకంటె ఎక్కువగా మఱి దేనికి ఉపయోగపడవలెను?