ఒకే సారా తాగినా అందరూ ఎందుకు చనిపోరు?



2024 ఆగస్టులో మన గంజాం జిల్లా చికిటి ప్రాంతంలో సారా తాగి జబ్బుపడినవారిని బరంపురం ఎం.కె.సి.జి. ఆసుపత్రిలో చేర్చారు. కొందరు మరణించారు, ఎక్కువమంది బ్రతికారు. ఇలాంటప్పుడు "వాడి ఆయుష్షు గట్టిది" అంటాం. కాని దీనికి వేరే లెక్క ఉంది.

కల్తీ సారాలో ప్రాణాలు తీసేది ముఖ్యంగా మిథైల్ ఆల్కహాల్. 1992లో కటక్‌లో 200 మందికి పైగా బలిగొన్నది అదే. కడుపులో పడగానే అది చంపదు. కాలేయం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లమే చూపును, ప్రాణాన్ని తీస్తుంది.

ఎంత తాగారన్నది మొదటి లెక్క. 30 మిల్లీలీటర్లు కూడా చంపవచ్చు. రెండోది, అందులో మామూలు ఆల్కహాలు ఎంత ఉందన్నది. కాలేయం ముందు దాని పని చూస్తుంది, విషం మారడం ఆలస్యమవుతుంది. అందుకే ఒక పగలో, ఒక రాత్రో మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు. మూడోది, ఆ గడువులో ఆసుపత్రికి చేరారా లేదా అన్నది. అక్కడ విరుగుడు మందు, డయాలసిస్ కాపాడగలవు.

పురుషోత్తంపూర్ శ్రోతలారా, కలిసి తాగినవారిలో ఒకరు పడిపోతే, మిగిలినవారికి ఏమీ అనిపించకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. చూపు మసకబారేదాకా ఆగకండి. మళ్లీ తాగితే తగ్గుతుందని నమ్మకండి. పరువుకోసం దాచకండి. సెలవు.